పిడికెడు పిండి

అనంతయ్య పాస్టరుగారు ఏదైనా కష్టమైన మాట చెప్పవలసి వస్తే ముందు టీ తెప్పిస్తారు. ఆ సంగతి తాండూరు సంఘంలో అందరికీ తెలుసు. అందుకే బుధవారం మధ్యాహ్నం బడి వదలగానే కబురంపి, వరండాలో కుర్చీ వేయించి, పింగాణీ కప్పు చేతికిచ్చేసరికి బడి పంతులమ్మ శాంతవ్వ గుండెలో రాయి పడింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె మెట్టు మీదే కూర్చునేది. కుర్చీలో ఎట్లా కూర్చోవాలో తెలియక అంచున ఒదిగింది.

"తాగమ్మా. వేడి వేడిగ తాగితెనే మంచిగుంటది" అన్నారు పాస్టరుగారు.

ఆయన ముందురోజే వికారాబాద్ నుంచి రైల్లో వచ్చారు. అక్కడ పెద్దయ్యగారని అందరూ పిలిచే సూపరింటెండెంటుగారి బంగళాలో చుట్టుపక్కల పాస్టర్లంతా కూర్చుని ఎవరి ఊళ్ళో యువజన సమాజం ఎట్లా నడుస్తోందో చెప్పుకున్నారు. యువజన సమాజాన్ని అందరూ లీగు అనే అంటారు. చాలా ఊళ్ళలో లీగంటే పుస్తకంలో పేర్లు మాత్రమే. తాండూరులో ముప్పై ఇద్దరు వారం వారం వచ్చి చాపల మీద కూర్చుంటారు. ఆ ముప్పై ఇద్దరినీ ఇళ్ళకు పోయి, నాపరాళ్ళ గనులకు పోయి, బావుల దగ్గర నిలబెట్టి మాట్లాడి, ఒక్కొక్కరినే కూడగట్టింది శాంతవ్వ. ఆ మాట పాస్టరుగారు బంగళాలో నలుగురి ముందూ చెప్పారు కూడా. ఆయన అన్యాయస్తుడు కాదు. అన్యాయస్తుడైతే ఈ కథ ఇంకా తేలిగ్గా ఉండేది.

"నీ పేరు మస్తు చెప్పిన. పెద్దయ్యగారు రాసుకున్నరు. ఇంకో మాట గూడ చెప్పిన, పటేల్ ఇంటి చంద్రశేఖర్ మన లీగుకు వస్తున్నడని. వచ్చే నెల తానే వచ్చి చూస్తనన్నరు."

"వస్తున్నడు అయ్యగారూ. మూడు వారాలాయె."

"ఈ ఆదివారం ప్రేమవిందుకు గూడ వస్తనన్నడు. దోస్తు పాండురంగాన్ని తోలుకొస్తడట. పెద్దిండ్ల పిల్లలు మన నడుమ కూసుంటరంటె మాటలా?" పాస్టరుగారు తన కప్పులోకి చూసుకున్నారు. "గీ ఒక్కసారికి రొట్టెలు నువ్వు చెయ్యకు."

నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక లీగు వాళ్ళంతా గుండ్రంగా కూర్చుంటారు. రొట్టె విరిచి సగం పక్కవాళ్ళకిచ్చి, ఆ నెలలో దేవుడు తమకు చేసిన మేలేదో ఒక మాట చెప్పి తింటారు. అదే ప్రేమవిందు. ఇది అన్ని ఊళ్ళలోనూ ఉంది. పిండి పద్ధతి మాత్రం శాంతవ్వ పెట్టింది. శనివారం ప్రతి ఇంటి నుంచీ పిడికెడు జొన్నపిండి గుడ్డ కొంగున ముడేసి తెస్తారు. అన్నీ ఒకే తాంబాళంలో పోసి కలిపేస్తుంది. కలిపాక ఎవరి పిండి ఏదో దేవుడికి కూడా తెలియదని నవ్వుతుంది. ఎసరు పోసి పిసికి, తన ఇంటి ముందున్న నాపరాతి మీద అరచేత్తో తట్టి, రొట్టెలన్నీ తానే కాలుస్తుంది. ఆమె లీగును నిలబెట్టింది ప్రసంగాలతో కాదు, ఈ రొట్టెలతో. తను తెచ్చిన పిండి ఆ రొట్టెలో ఉందని తెలిసిన పిల్లవాడు ఆదివారం ఎగ్గొట్టడు.

"చంద్రశేఖర్ అన్నడా అయ్యగారూ, తిననని?" అని అడిగింది.

"అనలే. అనేదాంక తెచ్చుకునుడెందుకు? ముందుగాల వచ్చి కూసోని. జర అలవాటు గాని. నాకేం పట్టింపు చెప్పు? మా అమ్మ చేతి రొట్టె గూడ వాళ్ళు ముట్టరు. దేవప్ప హోటల్ల బన్నులు చెప్దం. మెత్తగుంటయి, మన పోరగాళ్ళు గూడ కుష్ అయితరు."

పాస్టరుగారు పుట్టింది కుల్కచర్ల మాదిగవాడలో. శాంతవ్వ పుట్టింది తాండూరు మాదిగవాడలో. తన తల్లి చేతిని కూడా లెక్కలో వేసి చెప్పిన మనిషితో ఏం వాదిస్తుంది?

"సరే అయ్యగారూ" అంది.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అన్నది తనేనా అని ఆమెకే అనుమానం కలిగింది. టీ పూర్తిగా తాగింది. కప్పు కడిగి బోర్లించింది. గేటు దాటి రోడ్డు మీదికొచ్చాక కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. అదీ రాలేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చున్న కాలులాగ లోపలంతా తిమ్మిరెక్కి ఉంది.

*

సాయంత్రం లీగు కూడేది చర్చి వెనుక రేకుల కొట్టంలో. అందరికంటే ముందు వచ్చేది ఎంకమ్మ. పదమూడో ఏట లీగులో చేరింది, ఇప్పుడు ఇరవై. తల్లి కాశమ్మకు చూపు మందగించాక రైల్వే స్టేషన్లో ఊడ్చే పని, పాయఖానాలు కడిగే పని ఆమెకు వచ్చాయి. డ్యూటీ దిగి, తలమీద నుంచి నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతోనే వచ్చి కొట్టం తాళం తీస్తుంది. నేల ఊడ్చి చాపలు పరుస్తుంది. పరిచి, తలుపు దగ్గరి చివరి చాప కొసన కూర్చుంటుంది. అక్కడ కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు కూడా పాటలు బాగా సాగాయి. గనిలో రాళ్ళు లేపే భీమప్ప డప్పు కాచి తెచ్చాడు. చంద్రశేఖర్ ఇంటి నుంచి హార్మోనియం మోయించుకొచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలతో, ఏదైనా తప్పు చేస్తున్నానేమోనన్న బెరుకుతో ఉంటాడు. మొదటి రెండు వారాలు గోడ బయట నిలబడి పాటలు విన్నవాడే. మూడోవారం శాంతవ్వే బయటికి పోయి, "నిలవడి వింటె కాళ్ళు గుంజుతయి బాబూ, లోపల కూసోని వినుండ్రి" అని పిలిచింది. పిలిచింది తనేనన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

పాటల తర్వాత పేర్లు పిలవడం. లీగులో ఆమె పెట్టిన నియమాల్లో గట్టిది ఒకటుంది. రాని మనిషి ఇంటికి ఆ రోజే పోవాలి. జ్వరమో, ఇంట్లో జగడమో, ఏదో ఒకటి ఉంటుంది. ఒక్క రోజు ఆగితే ఆ మనిషికి రాకపోవడమే అలవాటవుతుంది. ఎండైనా వానైనా ఇన్నేళ్ళలో ఆమె ఆ నియమం తప్పలేదు. ఆ బుధవారం అందరూ వచ్చారు.

"ఈ శనివారం పిండి తేవొద్దు. అయ్యగారు దేవప్ప హోటల్ల బన్నులు చెప్తున్నరు" అంది శాంతవ్వ.

కొట్టంలో సంబరం లేచింది. "బన్నులా! చక్కెర పాకం పూసినయా అక్కా?" అన్నాడు భీమప్ప. ఇంకెవరో ఒక్కటేనా రెండా అన్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. వాళ్ళు అడగనందుకు ఊరట కలిగిందో, నొచ్చుకుందో ఆమెకే తేలలేదు. చంద్రశేఖర్ హార్మోనియం మూత వేస్తూ తల వంచుకున్నాడు. అతనికి ఏం అర్థమైందో తెలియదు.

"మరి బొగ్గు అక్కా?" అంది ఎంకమ్మ తలుపు దగ్గర నుంచి. రొట్టెలు కాల్చడానికి రైలు పట్టాల వెంట బొగ్గు ఏరి తెచ్చేది ఎప్పుడూ ఆమే.

"పొయ్యే లేదుగద బిడ్డా. వద్దు."

ఎంకమ్మ సరేనని తల ఊపింది. ఊపాక కూడా కాసేపు శాంతవ్వ ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు ఏమిటో శాంతవ్వకు పట్టలేదు. ఆమె చాపలు చుట్టమని చెప్పి, చంద్రశేఖర్‌ను సాగనంపడానికి గేటు దాకా పోయింది.

*

శుక్రవారం సాయంత్రం దేవప్ప హోటలుకు పోయింది. స్టేషన్ రోడ్డులో అదే పెద్ద హోటలు. లోపల బల్లలున్నాయి. శాంతవ్వ వాళ్ళ కోసం బయట కిటికీ ఉంది. కిటికీ పక్కన మేకులకు నాలుగు గ్లాసులు వేలాడుతుంటాయి, తాగినవాళ్ళే కడిగి పెట్టాలి. ఈ పద్ధతి నేరమని సర్కారు చట్టం చేసి మూడేళ్ళయింది. చట్టం వచ్చాక దేవప్ప చేసిన మార్పల్లా పాత గ్లాసులు తీసి కొత్తవి తగిలించడమే.

"ఎష్టు బేకు?" అన్నాడు దేవప్ప. అతనిది సేడం దిక్కు, లెక్కలన్నీ కన్నడంలోనే అడుగుతాడు.

"నలభై. ఆదివారం పొద్దుగాల."

"నలభై బన్నులా! పెండ్లా ఏంది పంతులమ్మా?"

"చర్చిల విందు."

"మీ రొట్టెలు మస్తుంటయంటరు గద. మా సర్వర్ చెప్పిండు. గప్పుడప్పుడు తెచ్చి తింటడు వాడు, నాకు తెల్వకుండ" అని నవ్వాడు దేవప్ప. మంచిమాట అంటున్నాననే అనుకున్నాడు. నమూనాకని ఒక బన్ను కాగితంలో చుట్టి చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆమె తీసుకుంది. చిన్నప్పటి నుంచీ ఆ గట్టు మీద పెట్టినవి తీసుకుంటూనే ఉంది. మామూలుగా ఆ క్షణంలో చెవులు వేడెక్కుతాయి. ఈసారి అదీ లేదు.

శనివారం బడి లేదు. మామూలుగా ఆ వేళకు ఇంటి ముందు పిండి ముడులు వరసగా చేరి ఉండేవి. చేసేందుకేమీ లేక శాంతవ్వ నాపరాతిని కడిగింది. ఆరాక మళ్ళీ కడిగింది. అప్పుడు భీమప్ప తల్లి రుక్కమ్మ వచ్చింది, కొంగున ముడితో సహా.

"నువ్వు వద్దంటె నేను తేవద్దా? పెద్దదాన్ని, నాకు చెప్తవా నువ్వు?" అంటూ ముడి తెచ్చి రాతి మీద పెట్టింది. "బన్నులు జ్వరమొచ్చినోళ్ళు తినేటియి. విందుకు రొట్టె ఉండాలె."

"అయ్యగారు చెప్పిండ్రు రుక్కమ్మా."

"ఎందుకు చెప్పిండో నాకు తెల్వదా? పటేల్ పోరడు మన చెయ్యి ముట్టింది తినడని. గీ లీగు ఎవరు నిలవెట్టిండ్రు? ఆ పోరని కోసం నిన్ను పక్కకు జరుపుతరా? ఇయ్యాల రొట్టె బంద్, రేపు నువ్వు బంద్. గిట్లనే మొదలైతది." రుక్కమ్మ గొంతు వాడంతా వినిపించేంత లేచింది. "మనమేమన్న పాకీపని చేసెటోళ్ళమా, మన చెయ్యి గంత పనికిరాకుండ పోనీకి?"

రుక్కమ్మ తన పక్షాన కోప్పడుతోంది. తనకు రాని కోపం ఆమెకైనా వచ్చినందుకు శాంతవ్వకు కాస్త హాయిగానే అనిపించింది. నిజమే అన్నట్టు తల కూడా ఊపింది. ఊపి తలెత్తేసరికి గుమ్మానికి అవతల ఎంకమ్మ నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. ఆదివారం కోసం కొట్టం ఊడ్చి తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. ఎప్పటిలాగే తాళంచెవిని గడప మీద పెట్టింది. "ఊడ్చిన అక్కా. చాపలు ఎండకేసిన" అని చెప్పి వెళ్ళిపోయింది.

రుక్కమ్మ నాలుక్కరుచుకుంది. "అయ్యో, దాన్ని అనలేగద నేను! మాటవరుసకన్న" అని, కాసేపటికి పిండిముడి తీసుకుని తనూ లేచింది. శాంతవ్వ తాళంచెవి తీసి మేకుకు తగిలించింది. రుక్కమ్మ మాటలో తప్పుందని తెలుసు. కానీ వింటున్నప్పుడు ఆ తప్పు తన చెవికి తగల్లేదు. ఎంకమ్మ కనబడకపోతే ఎప్పటికీ తగిలేది కాదేమో. ఆ ఆలోచనను కొంత దూరం పోనిచ్చి, రేపు ఆ పిల్లతో రెండు మంచి మాటలు మాట్లాడితే సరిపోతుందని ఆపేసింది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు గుండ్రంగా పరిచారు. పరిచింది భీమప్ప. అందుకే వంకరటింకరగా ఉన్నాయి. చంద్రశేఖర్, పాండురంగం ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. పాస్టరుగారు ఎదురుపోయి వాళ్ళను తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. రొట్టెల మీద కప్పే తెల్లగుడ్డనే బన్నుల మీద కప్పారు. పొంగి గుండ్రంగా ఉన్న బన్నుల మీద ఆ గుడ్డ నిలవక జారుతూ ఉంది.

బన్ను విరవడం సులువు. జొన్నరొట్టె విరిచేటప్పుడు చప్పుడొచ్చేది, ఒకరి ముక్కలు ఒకరి ఒళ్ళో రాలేవి, పిల్లలు నవ్వేవాళ్ళు. ఈసారి ఎవరి సగం వాళ్ళకు శుభ్రంగా వచ్చింది. భీమప్ప గనిలో రాయి జారి కాలి పక్కనే పడినా దెబ్బ తగలలేదని సాక్ష్యం చెప్పాడు. పాండురంగం సిగ్గుపడి ఏమీ చెప్పలేదు. శాంతవ్వ వంతు వచ్చినప్పుడు, ముప్పై ఇద్దరినీ దేవుడు కాపాడాడని చెప్పబోయి చుట్టూ చూసి, ముప్పై ఒక్కరినే లెక్కపెట్టింది. తలుపు దగ్గర చాప కొసన ఎవరూ లేరు.

చేతిలోని సగం బన్ను నోట్లో పెట్టుకోబోతే మింగుడు పడుతుందనిపించలేదు. పక్కనున్న పిల్లకు ఇచ్చేసింది. పొద్దున కూడా ఏమీ తినలేదు. విందు రోజు అంతా అయ్యాకే తినడం ఆమెకు అలవాటు.

అందరూ లేస్తున్నప్పుడు చంద్రశేఖర్ దగ్గరికొచ్చాడు. "పంతులమ్మా, మీరు చేసే రొట్టె ఉంటదని భీమప్ప చెప్పిండు. అందరి ఇండ్ల పిండి కలిపి చేస్తరట గద. నేను గూడ ఇంట్ల అడిగి పిడికెడు తెద్దామనుకున్న."

పాస్టరుగారు నవ్వుతూ మధ్యలోకి వచ్చారు. "వచ్చే నెల బాబూ, వచ్చే నెల. తొందరేమున్నది?"

రొట్టె ఉంటే ఆ పిల్లవాడు తినేవాడో లేదో శాంతవ్వకు తెలియదు. అతనికి కూడా తెలియదేమో. తెలుసుకునే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. అతను అనని మాట విని, తను ఆ మాటకు సరేనంది. ఇంతా చేసి పాస్టరుగారు మాత్రం సంతోషంగానే ఉన్నారు. పెద్దయ్యగారికి ఈ రోజే ఉత్తరం రాస్తానన్నారు.

బన్నులు పంచగా మిగిలినవాటిలో ఒకదాన్ని శాంతవ్వ కాగితంలో చుట్టింది. రాని మనిషి వాటా వాళ్ళ ఇంటికి చేర్చాలి. అదీ నియమంలో భాగమే.

*

స్టేషన్ దాటి, గూడ్స్ షెడ్డు వెనుకకు నడిచింది. ఎండ మాడ్చేస్తోంది. షెడ్డు వెనుక మూడు గదుల వరస ఉందని విన్నదే కాని చూడలేదు. ఏది ఎంకమ్మ ఇల్లో అడగవలసి వచ్చింది. ఒక పిల్ల వేలు పెట్టి చూపించింది. శాంతవ్వ అటు తిరిగింది. లీగులో ఉన్న మిగతా ప్రతి ఇంటికీ ఆమె కనీసం పదిసార్లు పోయింది. ఏ ఇంట్లో కుండ ఎక్కడుంటుందో చెప్పగలదు. ఈ ఇంటికి ఒక్కసారీ రాలేదు. ఏడేళ్ళలో ఎంకమ్మ ఒక్క రోజూ మానలేదు కనుక రావలసిన పని పడలేదు. రాని వాళ్ళ ఇళ్ళకే పోయే నియమం పెట్టుకుంది తను. ఈ పిల్ల ఎప్పుడూ వస్తూనే ఉంది.

ఎంకమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది. మట్టి అలికిన నేల అద్దంలా ఉంది. నాపరాతి పలక మీద పిండి చల్లి, ముద్దను అరచేతి మొదలుతో నొక్కి, వేళ్ళతో తిప్పుతూ తడుతుంటే రొట్టె అంచు ఎక్కడా చీలకుండా సాగుతోంది. శాంతవ్వ చేసే రొట్టెకు అంచులు చీలుతాయి. పాతికేళ్ళుగా తడుతున్నా చీలుతూనే ఉన్నాయి.

"రా అక్కా. కూసో." ఎంకమ్మ లేచి గోనెపట్టా దులిపి పరిచింది. కాశమ్మ మూల నుంచి ఎవరొచ్చారోనని తల ఎత్తింది.

శాంతవ్వ బన్ను ముందు పెట్టింది. "ఎందుకు రాలేదు బిడ్డా? పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది."

"రుక్కమ్మ మాటకా? ఆమె నోరు మంచిది గాదు. మనసుల ఏం పెట్టుకోదు."

"ఆమె కొత్తగ అన్నదా అక్కా?" ఎంకమ్మ రొట్టెను పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దింది. గొంతులో కోపం లేదు. "నేనిగ లీగుకు రాను. కొట్టం తాళంచెవి ఇంకెవరికన్న ఇయ్యి."

"ఎందుకు? ఏమైందో చెప్పు."

"బుధవారం నువ్వు పిండి వద్దని చెప్తుంటె నీ మొఖం చూసిన. పెయ్యిల నెత్తురు లేనట్టున్నది. నీ చేతి రొట్టె వద్దన్నందుకే గదా? నాకు అప్పుడు తెలిసింది. నా మొఖం గూడ ఏడేండ్లసంది గట్లనే ఉండొచ్చు. అద్దం లేదు, చూసుకోలే."

"నీకు నేనేం వద్దన్న బిడ్డా?"

"నువ్వు వద్దనలే. చేరిన్నాడు నేను పిండి తెస్తనంటె, నీకెందుకు బిడ్డా కష్టం, నువ్వు బొగ్గు తే అన్నవు. మంచిగనే అన్నవు. మా అవ్వకు రైల్వే జీతమొస్తుండె. భీమప్పోళ్ళకు కూలి దొరికిన్నాడే పొయ్యి రాజేసేది. వాళ్ళ పిండి నువ్వు తీసుకున్నవు." రొట్టె పొంగింది. ఎంకమ్మ చేత్తోనే దాన్ని తిరగేసింది. "నేను రొట్టె మంచిగ చేస్తనక్కా. నీకు తెల్వదు."

కష్టమని అన్న మాట శాంతవ్వకు గుర్తే. దయగానే అంది. ఆ దయ కింద ఏముందో ఆ రోజే తనకు తెలుసా, తెలియదా అని తడుముకుంది. తెలిసినట్టే ఉంది. తెలిసి, దాని మీద ఒక మంచిమాట కప్పి, మర్చిపోయింది. పాస్టరుగారు టీ అయినా ఇచ్చారు.

కాశమ్మ చేతులు చాపి బన్ను తడిమి, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "మెత్తగున్నది. పండ్లు లేనోళ్ళకు మంచిగున్నది. బిడ్డా, అక్కకు రొట్టె పెట్టు. ఎండల వచ్చింది."

ఎంకమ్మ కంచం కడిగింది. అప్పుడే దింపిన రొట్టె మడిచి, పక్కన ఎల్లిపాయ కారం వేసి, శాంతవ్వ ముందుకు జరిపింది.

"ఇప్పుడే తిన్ననే" అంది శాంతవ్వ.

అనాలని అనుకోలేదు. ఆలోచన పుట్టకముందే నోటి నుంచి వచ్చేసింది, బుధవారం నాటి 'సరే' కంటే తేలిగ్గా. ముఖం మీదికి చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆ మర్యాద అంతా ఆమెకు ఎప్పుడో కంఠస్థం అయిపోయి ఉంది.

ఎంకమ్మ ఆశ్చర్యపోలేదు. కంచం వెనక్కి తీసుకుని తల్లి ముందు పెట్టింది. కాశమ్మ ఒక్కతే ఏమీ ఎరగనట్టు కారంలో వేలు అద్దుకుంది.

"ఎంకమ్మా, ఇటియ్యి. తింట" అంది శాంతవ్వ. చేయి చాపింది కూడా.

"వద్దక్కా." ఎంకమ్మ పొయ్యిలో మంట సర్దుతూ చెప్పింది. "ఇప్పుడు తింటె నా కోసం తింటవు. నన్ను లీగుకు తోలుకపోనీకి తింటవు. ఎన్నడన్న ఆకలై వచ్చిన్నాడు తిను."

ఇంకో ముద్ద తీసుకుని పలక మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి మెల్లగా పోతోంది. కాలిన జొన్నరొట్టె వాసన గదంతా నిండింది. శాంతవ్వ గోనెపట్టా మీదే కూర్చుని ఉంది, లేవలేదు. నాలుగు రోజులుగా తిమ్మిరెక్కి ఉన్న ఒంట్లో కడుపులోంచి ఏదో మెలిపెట్టినట్టయింది. ఆకలి అది. పొద్దుటి నుంచీ మెతుకు ముట్టలేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ఇప్పుడు చెబితే ఎంకమ్మ నమ్మదు.